ఆపా బిగించిన ఫ్యాను

ఎవరి గురించైనా రాయబోయే ముందు, నాకు తెలిసినవాటినీ విన్నవాటినీ వేరువేరు గంపల్లో వేసుకోవడం నా అలవాటు. భౌతికశాస్త్రం చదివినవాడికి ఇది గుణమో జబ్బో ఇంకా తేలలేదు.

ఆమె విషయంలో నిశ్చయంగా తెలిసినవి తక్కువే. షాద్‌నగర్‌లో ఒక చిన్న ప్రైవేటు సాంకేతిక విద్యాసంస్థలో ఎలక్ట్రానిక్స్ చెప్పేది. ఎనభైల చివరి నుంచి తొంభైల మధ్య దాకా నేనూ అక్కడే భౌతికశాస్త్రం చెప్పాను. ఆమె పుట్టిల్లు కొల్లాపూర్. అందరూ ఆమెను ఆపా, అంటే అక్క, అనేవారు: పిల్లలు, అటెండరు, వయసులో ఆమె కంటే పెద్దవాడైన కరస్పాండెంటు కూడా. ఆమె నవ్వు రేకుల షెడ్డు దాటి బస్సుల రోడ్డు దాకా వినిపించేది. ఇది నేను రోడ్డు మీద నిలబడి స్వయంగా విన్న సంగతి. ఒక ఎండాకాలం ఆమె పాత టేప్‌రికార్డరు మోటారుకు పౌడరు డబ్బా రేకుతో రెక్కలు కత్తిరించి, చిన్న ఫ్యాను చేసి, ఒక కంప్యూటరు బోర్డుకు బిగించింది. ఇది నా కళ్ల ముందే జరిగింది.

విన్నవి మాత్రం చాలా ఉన్నాయి. చిన్నతనంలో ఇంట్లో రేడియో వార్తలు చదువుతుండగానే దాని వెనక మూత విప్పి, చదివేవాడు ఎక్కడ కూర్చున్నాడో వెతికిందట. సినిమా హాల్లో స్పీకరు మూగబోతే జనంలోంచి లేచి వెళ్లి, పాట ముగిసేలోగా దానికి గొంతు తెప్పించిందట. పెళ్లి మాటలకు వచ్చిన పెద్దాయన చేతిగడియారం ఆగి ఉండడం చూసి, అడిగి తీసుకుని, పళ్లెంలో దాని పేగులన్నీ పరిచిందట. ఆ గడియారం ఇక బతకలేదు, సంబంధం మాత్రం ఖాయమైంది. వీటిలో చివరిదాన్ని ఆమె భర్త ధ్రువీకరించాడు. గడియారం ఆయన మేనమామదే.

"జిల్లా మొత్తంల కంప్యూటరుకు ఫ్యాన్ పెట్టిన ఫస్ట్ మనిషిని నేనే" అని ఆమె చెప్పుకునేది. దీనికి రుజువు లేదు. కాదనడానికీ ఆధారం లేదు. కనుక దీన్ని రెండు గంపల మధ్యన నేల మీద పెడుతున్నాను.

ఇప్పుడు ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందో చెప్పాలి. మొన్న నల్గొండలో, నేను ఇప్పుడు పనిచేస్తున్న కాలేజీకి కొత్త కంప్యూటరు వచ్చింది. బిగించడానికి వచ్చిన మెకానిక్కు పెట్టె మూత విప్పి చూపించాడు. లోపల అసలైన చిప్పు నెత్తిన అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద ఫ్యాను ఒకటి బుద్ధిగా కూర్చుని ఉంది.

"ఇది కంపెనీదేనా?" అని అడిగాను.

"కంపెనీదే సార్. ఇది లేకుంటె నడువదు."

"తీసేసి ఎవరైనా చూశారా?"

అతను స్క్రూడ్రైవరు పట్టుకున్న చేతిని అలాగే ఉంచి నా వైపు చూశాడు. సరిగ్గా ఆ చూపు నాకు బాగా పరిచయం. ఎన్నో ఏళ్లు ఆపా నన్ను అలాగే చూసింది. ఆమె పోయి ఏడాది దాటింది. మెకానిక్కు ముందు నవ్వాపుకోలేక, దగ్గు వచ్చినట్టు నటించి బయటికి వచ్చేశాను.

*

ఆమె నాకు పెట్టిన పేరు "షక్ సారు". షక్ అంటే అనుమానం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఆ బిరుదు దక్కింది. స్టాఫ్ రూములో నీళ్ల కుండ పక్కన కూర్చుని ఆమె, "మా కొల్లాపూర్ మామిడిపండైతే కండ్లు మూసుకోని వాసన సూసి ఏ తోటదో చెప్త" అన్నది. ఎన్ని పళ్లతో, ఎవరి ముందు పరీక్షించారని నేను మర్యాదగానే అడిగాను. ఆమె కాసేపు నా ముఖం చదివి, పక్కనున్న ఇంగ్లీషు మాస్టారి వైపు తిరిగింది.

"గీ సారు రేపు ఆయన పెండ్లిల గూడ అయ్యగారిని నిలవెట్టి, ఆ మంత్రానికి రుజువేందని అడుగుతడు సూడుండ్రి."

అంతటితో వదిలితే ఆపా కాదు. ఎండాకాలం రాగానే పుట్టింటి నుంచి గంపెడు పళ్లు తెప్పించింది. దుపట్టాతో తన కళ్లు తానే కట్టుకుని, "ఇగ పెట్టు సారు నీ పరీక్ష" అన్నది. నేను ఒక్కో పండే అందించాను. సగానికి పైగా తప్పు చెప్పింది. కళ్ల గంత తీసి, తప్పుల సంగతి తెలిసి, అందరికంటే గట్టిగా నవ్వింది ఆమే. "పండ్లది తప్పు లేదు, ముక్కుది తప్పు లేదు. గాలి ఎదురుగొడ్తాంది" అని తీర్పు చెప్పి పళ్లు పంచింది. ఓడిపోవడం ఆమెకు పండుగలాంటిది. వాదన గెలిచినవాడికి దక్కే సంతోషం కూడా తానే తీసుకుని వెళ్లిపోయేది.

ఏ యంత్రాన్ని చూసినా ముందు వేళ్ల వెనక వైపు ఆనించేది, జ్వరమొచ్చిన పిల్లల నుదురు చూసినట్టు. ఆమె దృష్టిలో లోకంలోని జబ్బులన్నిటికీ మూలం వేడి. మోటారు కాలినా, పిల్లలు ఫెయిలైనా, కరస్పాండెంటు అరిచినా, ఆమె రోగనిర్ధారణ ఒక్కటే: "గరమైంది." వేడికి ఆమె డిగ్రీలు వాడేది కాదు. కుండనీళ్లు, చాయ్ గిలాస, ఇస్త్రీ పెట్టె: ఈ మూడే ఆమె మెట్లు.

నేను ఊరుకోలేదు. థర్మామీటరు పట్టుకొచ్చి ఆమె వేలిని పరీక్షించాను. ఉదయం పూట వేలికీ పాదరసానికీ బాగానే పొత్తు కుదిరింది. చాయ్ తాగి వచ్చాక మాత్రం అదే వస్తువును "కుండనీళ్లు" అనేసింది. వేడి గ్లాసు పట్టుకున్న వేలికి ఆ తరువాత తాకినవన్నీ చల్లగానే తోస్తాయని వివరించాను.

"అయితే ఇప్పుడేమంటవు సారు? చాయ్ ఇడిసిపెట్టాల్నా, కొలుసుడు ఇడిసిపెట్టాల్నా?"

"రెంటిలో ఒకటి తప్పదు, ఆపా."

"గట్లయితే కొలుసుడు నువ్వే చెయ్యి. నీ థర్మామీటరుకు చాయ్ అలవాటు లేదు గద."

ఆ రోజు నుంచి ఆమె చెప్పేది వేడి, నేను కొలిచేది వేడి. మా స్నేహం ఇలా పని విభజనతో మొదలైంది.

*

ఇక బోర్డు సంగతి. ఇప్పుడు కంప్యూటరు అంటే టీవీ లాంటి తెర, టైపు మిషను లాంటి మీటల పలక గుర్తొస్తాయి. మా దగ్గర ఉన్నది అది కాదు. నోటు పుస్తకమంత ఆకుపచ్చ పలక ఒకటి. గణించే చిప్పు, గుర్తుంచుకునే చిప్పులు, నొక్కే మీటలు, ఎర్రగా వెలిగే అంకెలు అన్నీ దాని మీదే. ఒకే బోర్డు మీద పూర్తి కంప్యూటరు. సంస్థ మొత్తానికి అలాంటిది ఒక్కటే ఉండేది. దాన్ని నమ్ముకునే కొత్త కోర్సు పెట్టారు. పిల్లలు చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సుల్లో వచ్చి, వంతులు వేసుకుని దాని ముందు కూర్చునేవారు. చిన్నాపెద్దా అంకెలను వరుసలో పేర్చమని మీటలు నొక్కి దానికి చెప్పాలి. అది పేర్చి చూపించాలి. ఏడాది చివర బయటి నుంచి పరీక్షాధికారి వచ్చి, తన ముందు ఇదంతా చేయించి మార్కులు వేస్తాడు.

చలికాలం అంతా బోర్డు బంగారంలా నడిచింది. ఎండలు ముదిరి, సిమెంటు రేకుల కింద గది కొలిమి అయ్యాక, మధ్యాహ్నపు పూట దానికి మతి తప్పసాగింది. పిల్లలు సగం లెక్క ఎక్కించేసరికి అంకెలు పిచ్చిగీతలుగా మారి బిగుసుకుపోయేవి. ఆపి మళ్లీ వెలిగిస్తే అప్పటిదాకా ఎక్కించినదంతా మాయం.

ఆపా వేలు ఆనించింది. "ఇస్త్రీ పెట్టె" అన్నది. "గరమైంది."

"కావచ్చు" అన్నాను. "కాని మధ్యాహ్నం మన వీధిలో వోల్టేజీ కూడా పడిపోతుంది. అది కారణం కావచ్చు. చిప్పుల్లో ఏదో ఒకటి తన గుంటలో వదులై ఉండవచ్చు. మూడు అనుమానాల్లో ఒకదాన్నే పట్టుకుని ఉరి తీయకూడదు."

"సారు, ఈ రేకుల కింద నువ్వు మాపటిదాక కూసుంటె నీకు గూడ మతి తప్పుతది. నీకు వోల్టేజీ పడిపోయిందని అనుకోవాల్నా?"

మా వాదన వింటూ గుమ్మంలో నిలబడిన కరస్పాండెంటు నవ్వలేదు. ఆయన చెడ్డవాడు కాదు, కాని లెక్క తెలిసినవాడు. "ఆపా, మీరు గరమంటరో, సారు ఇంకేమంటడో నాకు తెల్వది. ఇంకొక బోర్డు తెచ్చే తాకత్ నాకు లేదు. పరీక్షనాడు గిది ఆగిందంటె పిల్లలకు మార్కులు రావు. మార్కులు రాకుంటె వచ్చేయేడు ఎవరు చేరుతరు? కోర్సు బంద్ పెడ్త."

కోర్సు ఆగితే ఆపా ఉద్యోగం పోయేది. ఆ మాట ఆయన అనలేదు, ఆమె అడగలేదు. ఆయన వెళ్లాక ఆమె అన్నది ఒక్కటే: "ఆ నర్సింలు పొద్దుగాల్నే బువ్వ గట్టుకోని కోసెడు దూరం నడిసి బస్సెక్కుతడు సారు. వానికి సున్నా వస్తదా ఈ రేకుల వల్ల?"

*

ఆమె చేసిన మొదటి వైద్యం మా పాలమూరు గడ్డ మీద పుట్టినవాళ్లు తప్ప ఇంకెవరూ చేయరు. ఎండాకాలం మనిషికి చల్లదనం అంటే మా దగ్గర ఒకటే అర్థం: వట్టివేర్ల తడికెలు కట్టిన రేకు కూలరు, దాని మీద నీళ్లు. మనిషికి పనికొచ్చేది యంత్రానికి ఎందుకు పనికిరాదు? మరునాడు ఇంటి కూలరును తోపుడుబండి మీద ఎక్కించుకుని వచ్చి, తడికెలు నిండుగా తడిపి, బోర్డు మూతికి ఎదురుగా పెట్టింది.

గదంతా వట్టివేర్ల పరిమళం. ఎప్పుడూ క్లాసులు ఎగ్గొట్టేవాళ్లు కూడా హాజరయ్యారు. సంతకాలు పెట్టే పని ఉందని కరస్పాండెంటు కుర్చీ వేసుకుని అక్కడే కూర్చున్నాడు. బోర్డు మధ్యాహ్నమంతా ఆగకుండా నడిచింది. ఆపా గెలిచిన పహిల్వాన్‌లా నా వైపు చూసింది.

"తడి గాలి, ఆపా. మంచిది కాదు" అన్నాను.

"నీకు సల్లగ లేదా?"

"నాకు చల్లగానే ఉంది."

"మరి ఇంక షక్ ఏంది?"

కొన్ని రోజులకే జవాబు వచ్చింది. ఒక మీట నొక్కితే పక్క మీట అంకె పడింది. ఇంకోటి నొక్కితే అది అంటుకుపోయి అదే అంకెను వరుసపెట్టి కుమ్మరించింది. దీపం పెట్టి చూస్తే రాగి గీతల మధ్య సన్నగా పచ్చటి చిలుము. ఆపా కూలరును మళ్లీ బండి ఎక్కించింది. స్పిరిటు, పళ్లు తోమే బ్రష్షు తెచ్చి, పొద్దున్నుంచి మాపటి దాకా ఒక్కో గీతనూ తోమింది. తోముతూ దానితో మాట్లాడుతూనే ఉంది: "మాఫ్ చెయ్యి తల్లీ. నిన్ను గూడ మనిషే అనుకున్న."

ఆ తరువాత వచ్చింది పౌడరు డబ్బా. పొడి గాలే కావాలి, అదీ బోర్డు మీదికే రావాలి, గది మొత్తానికి కాదు. కనుక ఫ్యాను కూడా బోర్డంతే ఉండాలి. చెడిపోయిన టేప్‌రికార్డరు మోటారు తీసింది. డబ్బా రేకును పువ్వులా కత్తిరించి, ఒక్కో రెక్కను వేలితో వంచి, ఊది చూసి, మళ్లీ వంచింది. బోర్డు అంచున చిన్న ఇనుప పట్టీ మీద దాన్ని నిలబెట్టి, అన్నిటికంటే ఎక్కువ కాలే చిప్పు వైపు తిప్పింది. వోల్టేజీని అదుపులో పెట్టే ఆ మూడు కాళ్ల చిప్పు కింద ఒక అల్యూమినియం రేకు ముక్క కూడా బిగించింది. చివరకు బోర్డు సరఫరా నుంచే రెండు తీగలు లాగి ఫ్యానుకు కలిపింది.

ఫ్యాను తిరిగింది. బోర్డు ఆ క్షణమే అంతా మరచిపోయింది.

మళ్లీ వెలిగించారు, మళ్లీ ఫ్యాను పెట్టారు, మళ్లీ మరచిపోయింది. నర్సింలు అన్నాడు: "ఆపా, గాలి తాకంగనే లెక్క మర్సిపోతాంది."

"నువ్వు గూడ గంతే గద బిడ్డా. గాలి తాకితె నా క్లాసుల నిద్రవోతవు."

అంత చిన్న మోటారు తిరిగేటప్పుడు లోపల రవ్వలు లేస్తాయి. ఆ గోల తీగల గుండా బోర్డులోకి పోతోందని నాకు తోచింది. "దానికీ దీనికీ పొత్తు వద్దు, ఆపా. వేరే బ్యాటరీ పెట్టండి" అన్నాను. ఇందులో నా అంచనా నిజమేనని ఆ రోజే తేలింది కనుక, వినయం లేకుండా నమోదు చేస్తున్నాను.

బ్యాటరీ దొరికింది. ఆమె భర్త మోటారుసైకిలుది.

ఆయనకు బజారులో దర్జీ దుకాణం ఉండేది. మెడలో టేపు వేలాడేసుకుని నెమ్మదిగా మాట్లాడే మనిషి. బ్యాటరీ లేకపోయినా ఆ బండి నడిచేది, హారను మాత్రం మోగేది కాదు. కాబట్టి పరీక్షలు అయ్యేదాకా ఆయన బజారు గుండా "జరుగుండ్రి, జర జరుగుండ్రి!" అని అరుచుకుంటూ బండి నడిపాడు. ఒకసారి నా పక్కన ఆపి, బొంగురు గొంతుతో చెప్పాడు: "నా బండి హారను మీ కంప్యూటరుల ఉన్నది సారు. మీ ఆపాకు చెప్పుండ్రి, ఇగ నా గొంతు గూడ తీసుకపోయి దాంట్లనే పెట్టుమని."

*

ఫ్యాను పెట్టినప్పటి నుంచి బోర్డు ఆగలేదు. గది అంతా సంబరం, నేనొక్కణ్ని తప్ప. పరిశోధన తెలిసినవాడికి ఇక్కడ గొంతులో ఒక ముల్లు ఉంది. ఆమె ఫ్యాను ఒక్కటే పెట్టలేదు. కూలరు నాటి చిలుము తోమేటప్పుడు చిప్పులన్నీ కదిలాయి, తిరిగి అదిమి కూర్చోబెట్టింది. అల్యూమినియం రేకు బిగించింది. ఇన్ని చేసి, ఫలితాన్ని ఒక్క ఫ్యాను ఖాతాలో వేయడం న్యాయం కాదు. తేల్చడానికి మార్గం సులువు: మండే మధ్యాహ్నం ఫ్యాను ఆపి, మిగతావన్నీ అలాగే ఉంచి, బోర్డు ఆగుతుందో లేదో చూడాలి.

ఆమె ఒప్పుకోలేదు.

"పెండ్లినాడు వాన వస్తదో రాదో సూద్దామని పందిరి పీకుతమా సారు?"

"పెళ్లికి ఇంకా రోజులున్నాయి కదా, ఆపా."

"పిల్లలు రోజు మీటలు నొక్కుతున్నరు గద. ఎవని వంతుల ఆపమంటవు? పేరు చెప్పు."

థర్మామీటరును మళ్లీ డబ్బాలో పెట్టేశాను.

పరీక్షనాడు వచ్చిన అధికారి పట్నం మనిషి. ఇస్త్రీ మడత చెడని చొక్కా, మాటకు మాట తూచే స్వభావం. ఆయనను చూసి, నాకు అన్నదమ్ముడిలా ఉన్నాడని ఆపా గొణిగింది. ఆయన బోర్డు దగ్గరికి వంగి, గిర్రున తిరిగే పౌడరు డబ్బా రేకును, కిందున్న మోటారుసైకిలు బ్యాటరీని చూశాడు.

"ఇదేమిటండీ?"

"ఫ్యాన్ సార్" అన్నది ఆపా.

"అది తెలుస్తూనే ఉంది. బోర్డుతో పాటు తయారీదారులు ఇచ్చిందేనా?"

"వాళ్లు ఇయ్యలేదు. వాళ్లు మా ఎండ సూడలేదు."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "పరికరం ఎలా వచ్చిందో అలాగే ఉండాలండీ. అది తీసేయండి. తరువాత మొదలుపెడదాం."

వరుసలో మొదట నిలబడిన నర్సింలు, నొక్కాల్సిన మీటలను గాలిలోనే నొక్కి చూసుకుంటున్నవాడు, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఇన్నాళ్లూ నేను అడిగిన ప్రయోగం నడిచి గుమ్మంలోకి వచ్చింది. మండే మధ్యాహ్నం, ఫ్యాను లేని బోర్డు, సాక్షిగా పరాయి అధికారి. ఇంతకంటే మంచి ఏర్పాటు నేను చేయగలిగేవాణ్ని కాదు.

"సార్, ఒక మాట" అన్నాను. "ఈ ఫ్యాను అవసరమని నా దగ్గర రుజువు లేదు. అవసరం లేదని కూడా లేదు. తేల్చాలని అందరికంటే ఎక్కువ కోరుకున్నవాణ్ని నేను. కాని ఆ పరీక్ష ఈ పిల్లల మార్కుల మీద పెట్టకండి."

అధికారి నన్ను చూశాడు. ఆపా కూడా చూసింది, నా నెత్తిన కొమ్ములు మొలిచినట్టు. ఆ వెంటనే తేరుకుని చేతులు కట్టుకుని అన్నది: "సరే సార్, మీ మాటే కానియ్యుండ్రి. తీసేస్త. కానీ మీ నెత్తిమీది పంక గూడ బిల్డింగు తోటి రాలేదు, మొన్న మేమే పెట్టినం. రూలు అందరికి ఒక్కటే గద. అది గూడ బంద్ చేస్త."

అటెండరు నిజంగానే స్విచ్చు దగ్గరికి వెళ్లాడు. రేకుల కింద పంకా నిదానించింది. అధికారి నుదుటి మీద చెమట మొదట ఒక చుక్క, తరువాత ఒక వాన. ఆయన జేబురుమాలు తీసి, ముఖం తుడుచుకుని, కాసేపు ఆ చిన్న ఫ్యాను వైపు చూసి, ఉన్నట్టుండి నవ్వాడు.

"రెండూ వెయ్యండమ్మా" అన్నాడు.

నర్సింలు కూర్చున్నాడు. అంకెలు వరుసలో నిలబడ్డాయి. అతని తరువాత వచ్చినవాళ్లకూ నిలబడ్డాయి. అధికారి వెళ్తూ, రెక్కలు దేనితో కత్తిరించారని ఆపాను చాటుగా అడిగాడు. కోర్సు నిలిచింది, ఆపా కూడా.

*

ఆ తరువాత ఏటా నా అభ్యర్థన, ఏటా ఆమె నిరాకరణ. నా కష్టం ఎలాంటిదో చెబుతాను. చలికాలంలో ఫ్యాను ఆపి చూస్తే ఉపయోగం లేదు, అప్పుడు బోర్డు మొదటినుంచీ ఆగదు. వేసవి సెలవుల్లో కరస్పాండెంటు షెడ్డుకు కరెంటు తీయించేవాడు. మిగిలినవి పరీక్షలకు ముందటి మండే వారాలే. అప్పుడు ఎప్పుడూ ఎవరో ఒకరు బోర్డు ముందు కూర్చునే ఉండేవారు. "పేరు చెప్పు సారు" అనేది ఆపా, ప్రతిసారీ అదే నవ్వుతో.

తొంభైల మధ్యలో పిల్లలు పట్నంలోని తెరలున్న కంప్యూటర్ల వైపు వెళ్లిపోయారు. మా కోర్సులో చేరేవారు లేకుండా పోయారు. చివరి జట్టు పరీక్షలు రాసి వెళ్లాక, షెడ్డు ఖాళీ చేయడానికి వారం ముందు, ఆపా నాకు కబురు పంపింది: "ఇగ పిల్లలు లేరు. కరెంటు ఉంచుమన్న. వచ్చి నీ షక్ తీర్సుకో."

థర్మామీటరు తీసుకుని వెళ్లాను. బయట రోడ్డు మీద తారు మెత్తబడే ఎండ. ఆపా బోర్డు వెలిగించి, లెక్క ఎక్కించి, తన చేతులతోనే ఫ్యాను తీగ ఊడదీసింది. రెక్కలు నిదానించి ఆగాయి. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ గదిలో ఆ సన్నటి రొద లేదు. ఇద్దరం రెండు స్టూళ్ల మీద కూర్చున్నాం. ఆమె ఫ్లాస్కులోంచి చాయ్ పోసింది.

"ఆగితె ఏం జేస్తవు?"

"మీరు చెప్పిందే నిజమని రాసిస్తాను."

"ఆగకుంటె?"

"అప్పుడూ రాసిస్తాను."

"నాకేం ఫికర్ లేదు" అన్నది, కాని గ్లాసు కింద పెట్టకుండా పట్టుకునే ఉంది.

వేడి ఎక్కుతోంది. అంకెలు ఇంకా నిలకడగానే ఉన్నాయి. అప్పుడు గుమ్మంలో ఒక నీడ పడింది. అంతకు ముందటి ఏడు చదివిన అమ్మాయి. పెళ్లయి నార్కట్‌పల్లి వైపు వెళ్లింది. కాన్పు కారణంగా ప్రాక్టికల్ పరీక్ష తప్పిపోయింది. తల్లి బయట చెట్టు నీడన పసిదాన్ని ఎత్తుకుని నిలబడింది.

"ఆపా, సోమవారం నాకు సప్లిమెంటరీ ఉన్నది" అన్నది అమ్మాయి, చెంగుతో ముఖం తుడుచుకుంటూ. "చెయ్యి మొద్దువారింది. ఒక్కసారి మొత్తం నొక్కి చూసుకుంట. సర్టిఫికెట్ వస్తె ఫ్యాక్టరీల పెట్టుకుంటమన్నరు. ఐదింటి బస్సు దప్పితె మళ్ల లేదు."

ఆపా స్టూలు మీంచి లేచి అమ్మాయికి చోటిచ్చింది. నా వైపు చూసింది, అంతే. అన్నేళ్లలో ఆమె మాట్లాడకుండా ఉండడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఫ్యాను లేకుండానే ఆ అమ్మాయిని కూర్చోబెట్టవచ్చు. బోర్డు ఆగితే నాకు జవాబు దొరుకుతుంది. ఆమె మధ్యాహ్నం పోతుంది, బస్సు పోతుంది. అమ్మాయి మొదటి మీట మీద వేలు పెట్టి, గుర్తు చేసుకుంటూ ఆగింది. నేను వంగి తీగ తగిలించాను. రెక్కలు తిరిగాయి.

"సూసినవా బిడ్డా?" అన్నది ఆపా, గొంతు తిరిగి దొరికి. "షక్ సారే పెట్టిండు ఫ్యాను. ఇగ నీకేం భయం లేదు, నొక్కు."

ఆ అమ్మాయి పాసయిందని ఆపా చెప్పింది. విన్న మాటే అయినా, తరువాత ఆ అమ్మాయి పంపిన లడ్డూలు నేను తిన్నాను కనుక దీన్ని నిశ్చయమైన వాటిలోనే చేరుస్తున్నాను. మరుసటి వారం షెడ్డు ఖాళీ అయింది. బల్లలతో, బీరువాలతో పాటు బోర్డు కూడా ఎవరి బండి మీదో వెళ్లింది. ఎక్కడికో ఎవరూ చెప్పలేకపోయారు.

ఆ ఫ్యాను లేకపోతే ఆ బోర్డు మండే మధ్యాహ్నం ఆగిపోయేదా, లేక ఆపా చిప్పులు అదిమిన నాటి నుంచే దాని జబ్బు నయమైపోయిందా, నాకు తెలియదు. తెలుసుకునే వేళ వచ్చినప్పుడు, దాని ముందు ఒక అమ్మాయి కూర్చుని ఉంది.